ప్రీ-మెడ్: ప్రవేశాల శాతం చెప్పని సంగతులు

ఇంటర్లో బైపీసీ చదివి, నీట్‌లో ర్యాంకు తెచ్చుకుని నేరుగా ఎంబీబీఎస్‌లో చేరే పద్ధతికి అలవాటుపడిన తెలుగు తల్లిదండ్రులకు అమెరికా వైద్యవిద్య కొంత అయోమయంగానే ఉంటుంది. అక్కడ సాధారణంగా నాలుగేళ్ల డిగ్రీ ముగిశాకే మెడికల్ స్కూల్. ఆ డిగ్రీ కాలంలో మెడికల్ స్కూల్‌కు సిద్ధమవడాన్నే ప్రీ-మెడ్ అంటారు, అది డిగ్రీ పేరు కూడా కాదు. బయాలజీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్, బయోకెమిస్ట్రీ వంటి నిర్దేశిత కోర్సులు పూర్తిచేసి, మెడికల్ స్కూళ్ల ప్రవేశ పరీక్ష ఎంక్యాట్ రాస్తే, చరిత్రలో డిగ్రీ తీసుకున్నవారైనా దరఖాస్తు చేసుకోవచ్చు. కాబట్టి ఆ నాలుగేళ్లు ఎక్కడ చదవాలన్న ప్రశ్న ఏటా ఏప్రిల్‌లో ఎన్నో ఇళ్లలో తలెత్తుతుంది: నలభై వేల మందికి పైగా డిగ్రీ విద్యార్థులున్న ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీయా, రెండు వేల మంది చదివే విలియమ్స్ కాలేజీయా?

ఈ చర్చలో చాలామంది ముందుగా చూసేది మెడికల్ స్కూళ్లలో సీట్లు పొందినవారి శాతం. దేశం మొత్తమ్మీద ఏటా యాభై వేలకు పైగా దరఖాస్తు చేస్తే సీట్లు దక్కేది సుమారు 23 వేల మందికి, అంటే సగం కంటే తక్కువే. అలాంటిచోట ఒక చిన్న కాలేజీ తమవారిలో ఎనభై శాతానికి సీట్లు వచ్చాయంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ ఆ శాతాన్ని దేనిమీద లెక్కగట్టారో అడగాలి. అనేక కాలేజీల్లో ప్రీ-మెడ్ కమిటీ విద్యార్థి తరఫున ఉమ్మడి సిఫారసు లేఖ రాస్తుంది. మార్కులు తక్కువైనవారికి ఆ లేఖ నిరాకరించే కమిటీలూ ఉన్నాయి, దాంతో వారిలో చాలామంది ఆ ఏడాది దరఖాస్తే చేయరు. ఆర్గానిక్ కెమిస్ట్రీ దెబ్బకు రెండో ఏడాదే దారి మళ్లినవారు ఎలాగూ లెక్కలోకి రారు. ఎవరైనా దరఖాస్తు చేసుకోగల పెద్ద ప్రభుత్వ యూనివర్సిటీని ఈ జల్లెడ పట్టిన అంకెతో పోల్చడం న్యాయం కాదు.

చిన్న కాలేజీ వల్ల అసలు లాభం మరోచోట ఉంది. చాలా మెడికల్ స్కూళ్లు సైన్స్ అధ్యాపకుల నుంచి లేఖలు కోరతాయి. మూడు వందల మంది కూర్చునే హాలులో పాఠం విని, ల్యాబ్‌లో పీహెచ్‌డీ విద్యార్థి పర్యవేక్షణలో పనిచేసిన అమ్మాయి గురించి ప్రొఫెసర్‌కు ఆమె గ్రేడు తప్ప మరేం తెలుస్తుంది? పాతికమంది ఉన్న తరగతిలో, పీహెచ్‌డీ విద్యార్థులే లేని ల్యాబ్‌లో ఆమె చేసిన తప్పులూ, వాటిని దిద్దుకున్న తీరూ ఆయనకు గుర్తుంటాయి. అయితే అడగడానికి జంకని, ఆఫీస్ అవర్స్‌కు, అంటే విద్యార్థులను కలవడానికి ప్రొఫెసర్ కేటాయించే సమయానికి, తమంతట తామే వెళ్లే పిల్లలు పెద్ద యూనివర్సిటీలోనూ ఇది సాధిస్తారు. మన పిల్లల్లో చాలామంది బిడియస్తులన్నది, నా ఉద్దేశంలో, ఇక్కడ దాచకుండా ఒప్పుకోవాల్సిన విషయం.

ఆసుపత్రి అనుభవం విషయంలో పెద్దవాటిదే పైచేయి. మిషిగన్, యూసీఎల్ఏ వంటిచోట్ల బోధనాసుపత్రి యూనివర్సిటీలో భాగమే. అయోవాలోని గ్రినెల్ కాలేజీ విద్యార్థి అలాంటి పెద్ద ఆసుపత్రికి చేరాలంటే అయోవా సిటీ దాకా గంట ప్రయాణం చేయాలి.

ఇక డబ్బు. అప్పు చేసి వైద్యవిద్య ముగించేవారి నెత్తిన సగటున రెండు లక్షల డాలర్ల భారం ఉంటుంది గనుక డిగ్రీలో మిగిల్చిన ప్రతి డాలరూ తర్వాత అక్కరకొస్తుంది. విలియమ్స్, ఆమ్‌హర్స్ట్ వంటి చిన్న ప్రైవేటు కాలేజీలు ఆర్థిక అవసరాన్ని బట్టి ఉదారంగా సాయం చేస్తాయి, నిజమే. రెండు సాఫ్ట్‌వేర్ జీతాలున్న కుటుంబానికి అందులో దక్కేది స్వల్పం. టెక్సస్‌లోని ప్రభుత్వ మెడికల్ స్కూళ్లు దాదాపు 90 శాతం సీట్లను ఆ రాష్ట్రవాసులకే ఇవ్వాలి. కన్నవారు టెక్సస్‌లోనే ఉండి, వారి మీద ఆధారపడిన పిల్ల వేరే రాష్ట్రంలో డిగ్రీ చదివినంత మాత్రాన ఆ అర్హత సాధారణంగా పోదు. ఆ భయంతో దూరపు కాలేజీని వదులుకోనక్కరలేదు. కానీ ఖర్చులో తేడా ఏడాదికి యాభై వేల డాలర్లకు చేరితే నేను సొంత రాష్ట్రపు యూనివర్సిటీకే మొగ్గుతాను, ప్రతిభావంతుల కోసం అక్కడ నడిపే ఆనర్స్ ప్రోగ్రామ్‌లో చోటు దొరికితే మరీ.

హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబసభ్యులకిచ్చే హెచ్-4 వీసా మీద ఉన్న పిల్లలకు మాత్రం ఈ చర్చంతా రెండోది. ఇరవై ఒకటి నిండేసరికి గ్రీన్ కార్డు రాకపోతే వారు విద్యార్థి వీసా ఎఫ్-1కో మరో వీసాకో మారాలి. చాలా మెడికల్ స్కూళ్లు పౌరులను, శాశ్వత నివాసులను తప్ప ఇతరులను పరిశీలించవు. అలాంటి ఇళ్లలో కాలేజీల జాబితా కంటే ముందు, వీసాతో నిమిత్తం లేకుండా దరఖాస్తు తీసుకునే మెడికల్ స్కూళ్ల జాబితా తయారుచేసుకోవాలి.