బండి ఉంటే టైముకి పోవచ్చు నాయనా!

నెల్లూరు నుంచి కాకుటూరులోని విక్రమ సింహపురి విశ్వవిద్యాలయానికి బస్సు పాసుతో పోయే పిల్లవాడు మొదటి పీరియడ్‌కి లోపల ఉంటాడు. బస్సు వాడికోసం ఆగదు గనక. బండి ఉన్నవాడికి ఆ ఖర్మ లేదు. "ఎంతసేపు మామా, హైవే ఎక్కితే కొట్టేస్తా" అంటూ ఇంకో టీ చెబుతాడు. కాబట్టి ఆలస్యానికి మూలకారణం బండేనని మా సిద్ధాంతం. కాదనేవారు హాజరు పట్టీ చూసుకోవచ్చు. 75 శాతం నిబంధనలో మైలేజీకి మార్కుల్లేవు.

చదువు పాడవుతుందనడం మాత్రం అన్యాయం. సబ్జెక్టు మారుతుందంతే. పాత కార్బురేటర్ బండి రిజర్వులో కూడా ఆగిపోయిందనుకోండి. ట్యాంకు ఫ్రేము మీద కూర్చోడానికి దాని అడుగున మధ్యలో గాడి ఉంటుంది; లోపలివైపు అది గట్టులా లేచి ఉంటుంది. ట్యాపు ఎడమవైపుంటే, కుడివైపు మిగిలిన పెట్రోలు ఆ గట్టు దాటి రాలేదు. బండిని ఎడమకి బాగా వంచి, కాసేపుంచి లేపితే బంకు దాకా లాక్కుపోతుంది. ఫిజిక్స్ ల్యాబ్‌లో ఇంత శ్రద్ధ ఎవరు చూపారు?

ప్రాక్టికల్ పరీక్షలు నవంబరులో, మాగుంట లేఅవుట్ అండర్‌బ్రిడ్జి నీళ్లలో. ఫస్ట్ గేరు, యాక్సిలేటర్ వదలకూడదు. మధ్యలో ఆగిందో, సెల్ఫ్ నొక్కినవాడు ఫెయిల్: సిలిండర్లోకి నీళ్లు చేరి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. తోసుకుంటూ గట్టెక్కించి, ప్లగ్గు విప్పి, కిక్కు కొట్టి నీళ్లు కక్కించాలి. ఎయిర్ ఫిల్టర్ చూడాలి. ఇంజిన్ ఆయిల్ పాలు కలిపిన కాఫీలా ఉంటే మార్చాల్సిందే. ఆ నెల జిరాక్సు డబ్బులు అలా సద్వినియోగమవుతాయి.

మధ్యాహ్నం క్లాసు మైపాడు బీచిలో. ఇసక, ఉప్పుగాలి చైనుకి పట్టి గరగరమంటుంది. కిరసనాయిలుతో కడిగి, ఆయిల్ పట్టించి, రెండు మూడు సెంటీమీటర్ల వదులు ఉంచి బిగించాలి. ఇదంతా ఓనరు పని. పెట్రోలూ ఓనరుదే. "రేయ్, తాళం ఈరా, ఇప్పుడే వచ్చేస్తా" అన్నవాడు చీకటిపడ్డాక ఖాళీ ట్యాంకుతో వస్తాడు. ముగ్గురెక్కితే ఫైను 1000 రూపాయలు, హెల్మెట్ లేకపోతే ఇంకో 1000. దాన్నీ ముగ్గురూ పంచుకోరు.

ఫైనలియర్ అయ్యాక బండి జూనియర్‌కి అమ్ముతారు. 29, 30 నంబరు ఫారాలు నింపి పేరు మార్పించాలని ఎవరికీ తోచదు. శ్రీసిటీలో ఉద్యోగంలో చేరిన సీనియర్ ఫోనుకి చలానా వస్తుంది. ఫోటోలో ముగ్గురి మొహాలూ మసకే. నంబరు ప్లేటు మాత్రం ఎంత బాగా పడుతుందో!