ఓవర్‌రేటెడ్ అట, ఇచిరో!

మా శనివారం క్రికెట్ గ్రూపులో ఆ మెసేజ్ మొదటిసారి వచ్చినప్పుడు చూసీ చూడనట్టు వదిలేశాను. రెండోసారి అపార్ట్‌మెంట్ గ్రూపులో తేలింది. మూడోసారి సాక్షాత్తూ మా బావమరిదే పంపాడు, "ఏంటి బావా, మీవాడి బండారం బయటపడిందిగా" అని కింద రెండు నవ్వు బొమ్మలు తగిలించి. సియాటెల్ వచ్చిన కొత్తలో, బేస్‌బాల్ అంటే ఓనమాలు తెలియని రోజుల్లో, రైట్ ఫీల్డ్ వెనక చవక సీట్లలో కూర్చుని, జపాన్ నుంచి మా మెరైనర్స్ జట్టుకి వచ్చి అక్కడ ఫీల్డింగ్ చేసే ఇచిరో ఒక్కణ్ణే చూస్తూ ఆట నేర్చుకున్నవాణ్ణి నేను. ఇక ఊరుకోవడం నా వల్ల కాలేదు.

మెసేజ్ చూడనివాళ్ల కోసం: "అడ్వాన్స్‌డ్ స్టాట్స్ చెప్పిన ఇచిరో సుజుకి అసలు కథ" అని మొదలవుతుంది. కెరీర్ మొత్తానికి 117 హోమ్ రన్లేనట (మన సిక్సర్ లాంటివి). హిట్లలో (బంతి కొట్టి ఔట్ కాకుండా బేస్ చేరితే హిట్, నాలుగు బేస్‌లూ చుట్టొస్తే పరుగు) నూటికి ఎనభై ఉత్త సింగిల్సేనట, అంటే ఒక్క బేస్‌వే. వాక్‌లు తీసుకోడట, అంటే నాలుగు చెడ్డ బంతులు వదిలేసి ఊరికే ఫస్ట్ బేస్‌కి వెళ్లడు. బ్యాటింగుని కొలిచే ఓపీఎస్ ప్లస్ అనే అంకె (100 అంటే సగటు) 107, అంటే సగటు బ్యాటర్ కంటే ఏడు శాతమే మెరుగట. జట్టుకి తెచ్చిన అదనపు గెలుపుల లెక్క, వార్, 60, అదే కాలంలో ఆడిన బాబీ అబ్రేయుకీ అంతే, అయినా మహా ఆటగాళ్లని ఎంచే హాల్ ఆఫ్ ఫేమ్ ఓటింగులో 2025లో ఇచిరోకి 394కి 393, అబ్రేయుకి 20 శాతం కూడా రాలేదట. 2001లో ఎంవీపీ, అంటే ఆ ఏటి మేటి ఆటగాడి అవార్డు, ఓక్లాండ్ బ్యాటర్ జేసన్ జియాంబీకి రావాల్సిందట. ఫీల్డింగ్‌కి ఇచ్చే గోల్డ్ గ్లోవ్ అవార్డులు పేరు చూసి ఇచ్చినవట. జపాన్ హిట్లు కలిపి 4367 అనడం మోసమట. ఆఖర్న బోల్డులో అసలు బాంబు: స్వార్థపరుడు, తన హిట్ల లెక్క కోసమే ఆడాడు, ఒక సీజన్లో ఎక్కువ హిట్ల రికార్డు కొట్టిన 2004లోనే జట్టు 99 మ్యాచ్‌లు ఓడింది, చూసుకోండి అని.

393 మంది ఓటేశాక మిగిలిన ఆ ఒక్కడు ఎవరా అని అందరూ వెతికారు. ఈ మెసేజ్ రాసినవాడేమో ఎవరైనా కనుక్కోండి.

చిల్లర సంగతులు ముందు తేల్చేస్తాను. హోమ్ రన్లు: రాడ్ కెరూ 92, వేడ్ బాగ్స్ 118, టోనీ గ్విన్ 135. ముగ్గురూ హాల్‌లో ఉన్నారు. వాళ్ల మీద కూడా మెసేజ్ రాయండి, తర్వాత మాట్లాడుకుందాం. జపాన్ హిట్లు: 1278కి 3089 కలిపితే 4367, కూడిక మాకూ వచ్చు. అమెరికాలో హిట్ల రికార్డున్న పీట్ రోజ్ 4256ని ఇచిరో దాటేశాడని నేనెప్పుడూ అనలేదు. రెండు వేరు వేరు లీగులు. 3089 ఒక్కటే చాలు, దానికి కొసరు అక్కర్లేదు.

ఎంవీపీ సంగతికి వస్తే, ఒప్పుకుంటున్నా. 2001లో నాకు ఓటుంటే నేనూ జియాంబీకే వేసేవాణ్ణి. ఓబీపీ (ఔట్ కాకుండా బేస్ చేరిన వంతు) .477, 38 హోమ్ రన్లు. ఓటింగులో ఇచిరోకి 289, జియాంబీకి 281, గెలిచింది ఎనిమిది పాయింట్ల తేడాతో. కొత్తగా వచ్చినవాడి మోజు, జట్టు 116 మ్యాచ్‌లు గెలిచిన ఊపు, రెండూ పనిచేశాయి. అయితే ఏమైంది? ఎనిమిది పాయింట్లతో ఒక ఎంవీపీ పోయినంత మాత్రాన ఆ ఏడాది 242 హిట్లు, 56 స్టీల్స్ (బంతి కొట్టకుండానే పిచర్ కళ్లుగప్పి తర్వాతి బేస్‌కి పరుగెత్తడం) ఆవిరైపోవు.

గోల్డ్ గ్లోవ్‌ల విషయంలోనూ సగం నిజం ఉంది. 1999లో రఫేల్ పాల్మేరోకి ఫస్ట్ బేస్‌లో సీజన్లో 28 మ్యాచ్‌లే ఆడినందుకు గోల్డ్ గ్లోవ్ ఇచ్చిన ఘనులు, ఆ అవార్డుకి ఓటేసేవాళ్లు. వరసగా పది గెలిచాడని నేను సాక్ష్యం తేను. కానీ దానికి తోక తగిలించి "అసిస్టులు ఏడాదికి పది చుట్టూనే, మరి గొప్ప చెయ్యి ఎక్కడ?" అన్నారే, అక్కడ నాకు కాలింది. అసిస్టు అంటే రన్నర్ని ఔట్ చేయించిన త్రో.

2001 ఏప్రిల్‌లో, అతను ఇక్కడ అడుగుపెట్టిన రెండో వారంలో, ఓక్లాండ్‌లో టెరెన్స్ లాంగ్ ఫస్ట్ బేస్ నుంచి థర్డ్‌కి పరుగెత్తాడు. రైట్ ఫీల్డ్ నుంచి వచ్చిన బంతి నేలని తాకకుండా నేరుగా థర్డ్ బేస్‌మన్ గ్లోవ్‌లో పడింది. లాంగ్ ఔట్. ఆ త్రో చూశాక ఏ కోచ్‌కి పిచ్చి చెప్పండి, మళ్లీ రన్నర్ని పంపడానికి? సేఫ్‌కో ఫీల్డ్ అని పిలిచే రోజుల్లో మా సీట్ల నుంచి అది బాగా కనిపించేది. రైట్‌లోకి సింగిల్ పడుతుంది. ఇచిరో ఇంకా బంతి మీదకి వంగనైనా వంగడు, అవతలి జట్టు థర్డ్ బేస్ కోచ్ రెండు చేతులూ పైకెత్తేస్తాడు. రన్నర్ సెకండ్ దగ్గర జారి ఆగిపోతాడు. మామూలు ఫీల్డర్ అయితే థర్డ్ దాకా పోయేవాడే. స్కోరు కార్డులో దీనికి ఇచిరో పేరు పక్కన ఒక్క గీత కూడా పడదు. అసిస్టులు లెక్కపెట్టి అతని చెయ్యి కొలవడం ఎలా ఉంటుందంటే, కుక్క ఎంతమందిని కరిచిందో లెక్కపెట్టి కాపలా కొలిచినట్టు. గోడ దూకడమే మానేశారు సార్ జనం! ఇలా ఆగిపోయిన అడుగుల్ని కూడా పరుగుల్లోకి మార్చి లెక్కగట్టేవే కొత్త ఫీల్డింగ్ లెక్కలు. వాటి ప్రకారం కెరీర్‌లో అతని ఫీల్డింగ్ విలువ సగటు మీద వందకు పైగా పరుగులు. అడ్వాన్స్‌డ్ స్టాట్స్ అని తోరణం కట్టినవాళ్లు ఇది ఎందుకు చూడలేదో!

ఎందుకు చూస్తారు, వాళ్లు పట్టిన కుందేలుకి మూడే కాళ్లు కదా. ఆ మూడో కాలు ఓపీఎస్ ప్లస్.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలుస్తుంది, నిజమే. పప్పులో ఉప్పుందో లేదో ఆ మెతుకు చెప్పదు. ఓపీఎస్ ప్లస్ బ్యాట్ గురించి మాత్రమే మాట్లాడుతుంది. 509 స్టీల్స్ దానికి కనపడవు, అందులోనూ వంద ప్రయత్నాలకి ఎనభై పైగా సఫలమవడం అసలే కనపడదు. సింగిల్‌కి ఫస్ట్ నుంచి థర్డ్ చేరడం కనపడదు. బ్యాట్ ఊపు పూర్తి కాకముందే కాళ్లు ఫస్ట్ బేస్ వైపు కదిలిపోయే మనిషి డబుల్ ప్లే, అంటే ఒకే బంతికి రెండు ఔట్లు, తప్పించడం కనపడదు. పైన చెప్పిన రైట్ ఫీల్డ్ కాపలా సరేసరి. ఇవన్నీ కలిపి చూసేదే వార్: బెంచి మీద నుంచి దొరికే మామూలు ఆటగాడి కంటే జట్టుకి ఎన్ని గెలుపులు ఎక్కువ తెచ్చాడని.

ఇప్పుడు మెసేజ్ మళ్లీ చదవండి. ఓ లైన్‌లో "బ్యాట్ ఏడు శాతమే మెరుగు" అన్నారు. రెండు లైన్ల కింద "వార్ 60" అన్నారు. ఏడు శాతం మెరుగైన బ్యాటు 60 గెలుపులు ఎక్కడి నుంచి తెచ్చింది, తిరుపతి హుండీలో దొరికాయా? బ్యాట్ బయట చేసిన పని నుంచి వచ్చాయి, రోజూ ఆడటం నుంచి వచ్చాయి. మొదటి పదేళ్లలో 1620 మ్యాచ్‌లకి 1588 ఆడాడు. తమ రెండు పాయింట్లు ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయని రాసినవాడికీ తట్టలేదు, ఫార్వర్డ్ చేసిన మా బావమరిదికీ తట్టలేదు.

పైగా ఆ 107 ఎవరిది? 2001 నుంచి 2010 దాకా ఇచిరో యావరేజ్ (ఇక్కడ హిట్ల వంతు) .331, ఓబీపీ .376. ఏడాదికి రెండొందలకి తగ్గకుండా పదేళ్లలో 2244 హిట్లు. మొత్తం 60 వార్‌లో 55 దాకా ఆ పదేళ్లలోనే వచ్చింది. తర్వాత 2019లో టోక్యో డోమ్‌లో ఆపేదాకా ఆడినదంతా కలిపితే అయిదు కూడా కష్టమే. ఇక్కడ ఇచిరో అభిమానులు నొచ్చుకున్నా సరే, చెప్పాలి: ముందే ఆపాల్సింది. మయామీ తరఫున మూడువేల హిట్లు దాటడం కోసం ఎదురుచూసిన రోజులు నాకూ బాగుండేవి గానీ, లెక్కల్లో అవి ఊరికే సగటుని కిందికి లాగాయి.

అబ్రేయు పాయింట్ మాత్రం తీసిపారేసేది కాదు. మెసేజ్ మొత్తంలో ఆలోచించి రాసినట్టున్నది అదొక్కటే. అబ్రేయు ఓబీపీ .395, హోమ్ రన్లు 288, స్టీల్స్ 400. అలాంటివాడికి 2025లో 20 శాతం కూడా ఓట్లు పడకపోవడం ఘోరం. ఈ మాటలో నేను మెసేజ్ పక్షమే. కానీ ఇద్దరి వార్ పక్కపక్కన పెట్టేముందు పుట్టినరోజులు చూడండి. అబ్రేయు ఇచిరో కంటే అయిదు నెలలు చిన్న, అంతే. ఇచిరో సియాటెల్‌లో మొదటి మ్యాచ్ ఆడేసరికి అబ్రేయు ఫిలడెల్ఫియాలో మూడు సీజన్లు .310 పైన కొట్టేశాడు. అవి అతని వార్‌లో పడ్డాయి. అవే మూడేళ్లు, 1998 నుంచి 2000 దాకా, ఇచిరో జపాన్‌లో .358, .343, .387 కొట్టాడు. వార్‌లో పడింది గుండుసున్నా. జపాన్ లీగ్ తక్కువదే అనుకోండి, సగం కోసేయండి, ముప్పావు కోసేయండి. సున్నా ఎలా అవుతుంది? 27వ ఏట ఇక్కడికొచ్చి మొదటి సీజన్లోనే అంత ఆట ఆడినవాడు 26వ ఏట బెంచి మీద కూర్చునే రకమా? అబ్రేయుకి అన్యాయం జరిగిందని చెప్పడానికి ఇచిరోని కొట్టక్కర్లేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టుంది.

ఇక బోల్డులో పెట్టిన మాట. స్వార్థపరుడు.

మన గ్రూపుల్లో ఇది ఇంతలా తిరగడానికి కారణం నాకు తెలుసు. మనం క్రికెట్ జనం. తొంభైల్లోకి వచ్చాక సెంచరీ కోసం బంతులు మింగేవాళ్లని చూసి టీవీ ముందు పళ్లు కొరికినవాళ్లం. ఆ కళ్లతోనే ఇక్కడా చూస్తున్నాం. అక్కడ స్వార్థపరుడు జట్టుది ఒకటి తింటాడు: బంతులు. బేస్‌బాల్‌లో బ్యాటర్ దగ్గర ఖర్చయ్యే సొత్తు ఒక్కటే, ఔట్. ఇన్నింగ్స్‌కి మూడే ఉంటాయి. హిట్ అంటే ఔట్ ఖర్చు కాకపోవడం. మరి హిట్లు కొట్టుకుంటూ పోయేవాడు జట్టుది ఏం తిన్నాడు? స్వార్థంతో ఏటా రెండొందల సార్లు ఔట్ కాకుండా ఉన్నాడా? అలాంటి స్వార్థపరులు ఇంకో ఎనిమిది మంది ఉంటే మెరైనర్స్ ఈపాటికి ఒక్క వరల్డ్ సిరీస్ అయినా ఆడేవాళ్లు.

2004నే తీసుకుందాం, అంత ముచ్చటపడ్డారు కాబట్టి. 262 హిట్లు, 1920 నుంచి ఉన్న జార్జ్ సిస్లర్ 257ని దాటాడు. 49 వాక్‌లు, ఒంటికి తగిలిన బంతులు 4. మొత్తం 315 సార్లు బేస్ మీదికి వెళ్లాడు, ఓబీపీ .414. ఎనిమిది హోమ్ రన్లు పక్కన పెడితే, 307 సార్లు వెనకొచ్చేవాళ్లు అతన్ని ఇంటికి చేర్చాలి. చేరింది 93 సార్లు. మిగతా రెండొందల పైచిలుకు సార్లు అతను బేస్ దగ్గరో, దారిలోనో ఉండగానే కథ ముగిసింది, పరుగు రాలేదు. దానికి ఏం చేయాల్సింది పాపం, ఫస్ట్ బేస్ నుంచి పరుగెత్తుకొచ్చి తర్వాతివాడి బ్యాట్ కూడా తనే పట్టుకోవాలా? పిచింగ్ కూడా చేయాలంటారా? ఆ ముచ్చటా తీర్చాడు, 2015లో మయామీ తరఫున ఒక ఇన్నింగ్స్ వేశాడు. ఒక పరుగు ఇచ్చాడు. దాని మీదా ఒక మెసేజ్ రాసుకోండి.

99 ఓటములు అతని ఖాతాలో వేసేట్టయితే, 2001లో 116 గెలుపులు ఎవరి ఖాతాలో వేస్తారు? అప్పుడూ ఇదే మనిషి. అదే నిలబడటం, కుడిచేత్తో బ్యాట్ నిటారుగా పిచర్ వైపు చాచి, ఎడమచేత్తో చొక్కా భుజం లాక్కోవడం. అవే సింగిల్స్.

ఇదంతా టైప్ చేసి బావమరిదికి పంపాను. అరగంట నీలం టిక్కులు పెట్టి కూర్చున్నాడు. చివరికి ఒక్క లైన్ వచ్చింది: "మరి వాక్‌ల గురించి ఏమీ రాయలేదేంటి బావా?"

దొరికిపోయాను. 10,734 సార్లు బ్యాటింగుకి వచ్చి 647 వాక్‌లు. అందులోనూ 181 అవతలివాళ్లు కావాలని ఇచ్చినవి. అవి తీసేస్తే మిగిలేది 466. ఇన్నింగ్స్ మొదలుపెట్టేవాడికి అది తక్కువే, చాలా తక్కువే. ఎంత గింజుకున్నా నా దగ్గర జవాబు లేదు. ఆ ఒక్క పాయింట్ ఉంచి, మిగతావి చెరిపేసి ఫార్వర్డ్ చేసుకోరా.