ఒక్క ఫైలు కాపీ చేసి తీర్పు చెప్పేస్తారా?

ఈ రోజు ఉదయం ఒక వీడియో స్టూడియోలో జరిగినది తలచుకుంటే ఇంకా కోపం చల్లారడం లేదు. పాత పెళ్లి క్యాసెట్లను ఎక్కించడానికి అక్కడ రెండు విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్లు ఇప్పటికీ నడుస్తున్నాయి. గంట నిడివి గల మినీ డీవీ క్యాసెట్ ఎక్కిస్తే సుమారు 13 గిగాబైట్ల ఫైలవుతుంది కనుక, ఆ రెండింటినీ ఫైర్‌వైర్ కేబుల్‌తో (కెమెరాలనూ కంప్యూటర్లనూ కలిపే పాత రకం తీగ) నెట్‌వర్క్‌గా కలపమని నేనే చెప్పాను. అక్కడి కుర్రవాడు ఒక్క ఫైలును కాపీ చేసి, సెకనుకు 18 మెగాబైట్లు రావడం చూసి, "సార్, సెకనుకు 400 మెగాబిట్లు, అంటే 50 మెగాబైట్లు అంటారు గానీ ఇది పనికిరాదు, తీసేద్దాం" అని తేల్చేశాడు.

బాబూ, నీవు కొలిచినది ఆ ముసలి హార్డ్ డిస్కును! కేబుల్ సంగతి తెలియాలంటే డిస్కు ప్రమేయం లేకుండా, ఒక యంత్రం మెమరీ నుంచి రెండో యంత్రం మెమరీకి, నెట్‌వర్క్ వేగాన్ని కొలిచే ఐపర్ఫ్ అనే ప్రోగ్రాంతో డేటా పంపి చూడాలి. అదీ పది సెకన్లు కాదు, కనీసం గంటసేపు నడపాలి.

అసలు బాధ వేగం గురించి కాదు. పరీక్ష జరుగుతున్నంతసేపూ కెమెరా బల్లమీద ఊరికే పడి ఉంది. రేపు పని మొదలైతే అది అదే బస్ మీద, అంటే పరికరాలన్నీ పంచుకునే ఆ ఫైర్‌వైర్ దారి మీదే ఉంటుంది కదా! నేను కెమెరా ప్లగ్ పెట్టగానే తెరమీద పింగ్ (అవతలి యంత్రం పలుకుతోందా అని అడిగే చిన్న పరీక్ష) జవాబులు ఒక్క క్షణం ఆగి, మళ్లీ మొదలయ్యాయి. "చూశారా, కేబుల్ పాడైంది" అన్నారందరూ. అది బస్ రీసెట్. కొత్త పరికరం చేరిన ప్రతిసారీ గొలుసులోని అన్ని పరికరాలకూ నంబర్లు మళ్లీ కేటాయించబడతాయి. ఆగడం తప్పు కాదు, ఆగిన తరువాత కనెక్షన్ తెగిపోకుండా కోలుకుంటోందా లేదా అన్నదే చూడవలసినది. చాలా డీవీ కెమెరాలు సెకనుకు 100 మెగాబిట్ల వేగంతోనే మాట్లాడతాయి కనుక, వీడియో నడుస్తున్నప్పుడు, బస్ తన సమయాన్ని విభజించుకునే ప్రతి 125 మైక్రోసెకన్ల చక్రంలో దాదాపు మూడో వంతు ఆ వీడియోకే పోతుంది. నెట్‌వర్క్‌కు దక్కేది మిగిలినదే. ఆ స్థితిలో కొలవని అంకె స్టూడియోకు ఎందుకు?

ఇలా చూడకుండానే కొట్టిపారేయడం నాకు కొత్త కాదు. ఫైర్‌వైర్ మీద ఐపీ (ఇంటర్నెట్‌లో డేటా పంపే విధానం) నడిపే పద్ధతి 1999లోనే ఆర్‌ఎఫ్‌సీ 2734 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగా వెలువడింది, ఎక్స్‌పీలో చక్కగా పనిచేసింది, దాని తరువాతి విండోస్ అయిన విస్టా రాగానే మైక్రోసాఫ్ట్ దానిని తీసేసింది. ఆనాడు నా దగ్గర సవ్యంగా నడుస్తున్న ఏర్పాటును విప్పేయవలసి వచ్చిన కోపం నాకు ఇప్పటికీ ఉంది.

కేబుల్ తీయనివ్వలేదు. కెమెరాలో క్యాసెట్ నడుస్తుండగా, ఒక పక్క ఐపర్ఫ్, మరో పక్క పింగ్ పెట్టి, మధ్యలో నాలుగుసార్లు ప్లగ్ తీసి పెట్టి, ఏమేమి ఆగాయో కాగితం మీద రాయమని ఆ అబ్బాయికి అప్పగించి వచ్చాను. సాయంత్రం ఆ కాగితం చూస్తాను.