ఏడేళ్ల వెన్నుకు ఇప్పుడే రాడ్లు వేయాలా?

పాపకు 7 ఏళ్లు. స్కోలియోసిస్‌తో వెన్నెముక పక్కకు ఒంగింది. పోయినేడు ఎక్స్‌రేలో 48 డిగ్రీలున్న ఒంపు ఈ ఏడు 63కి వచ్చింది. ఒంటికి బిగించే బ్రేస్ (గట్టి పట్టీ) వేసినా ఆగలేదు. వెన్నుకు బిగించి, పిల్ల ఎదిగేకొద్దీ పొడిగించే లోహపు రాడ్లు వేద్దామని సర్జన్ అన్నారు. తల్లి ఆగుదామంటోంది. ఫిజియోథెరపిస్టుగా పనిచేసే చెల్లెలు ఆగొద్దంటోంది. ఇద్దరూ కల్పితమే, భయాలు మాత్రం కావు. రాయడం మొదలుపెట్టినప్పుడు నా మనసు పూర్తిగా చెల్లెలి వైపే ఉంది.

అక్క: బ్రేస్ విప్పినప్పుడు పాప పక్కటెముకల మీద పడ్డ ఎర్రటి అచ్చులు చూశావా? అవే చూడలేకపోతున్నాను. ఇక వీపు కోయడమంటే ఎలాగే? అదీ ఒకసారితో పోదట. ఆర్నెల్లకోసారి మళ్లీ మత్తిచ్చి రాడ్ పొడిగించాలట.

చెల్లెలు: నిజమే అక్కా, దాచను. కానీ నువ్వు వీపు చూస్తున్నావు, నేను ఛాతీ చూస్తున్నాను. మొన్న ముందుకు వంగమంటే కుడివైపు పక్కటెముకలు గుట్టలా లేచాయి. వెన్ను ఒంగడమే కాదు, మెలి తిరుగుతోంది. ఎడమవైపు ఎముకలు దగ్గరగా నొక్కుకుపోతున్నాయి. పదేళ్ల పిల్లకు ఛాతీలో ఉండే చోటు పెద్దవాళ్లకు ఉండేదాంట్లో సగమే. ఊపిరితిత్తులు ఎదగాల్సిన ఈ ఏళ్లలో ఆ చోటు దొరక్కపోతే, తర్వాత వెన్ను నిటారుగా చేసినా పోయిన ఎదుగుదల తిరిగి రాదు.

అక్క: అయితే వెన్నుపూసలు అతికించే ఫ్యూజనే చేయించేద్దాం. ఒక్కసారి ఏడుస్తుంది, అయిపోతుంది.

చెల్లెలు: అది మాత్రం వద్దు! ఎదుగుదల ముగింపుకొచ్చిన పిల్లకైతే మంచి ఆపరేషనే. ఏడేళ్లకు అతికిస్తే ఆ భాగం అక్కడితో ఆగిపోతుంది. 5 నుంచి 10 ఏళ్ల మధ్య వెన్ను ఏటా సుమారు 1 సెంటీమీటరు పెరుగుతుంది, ఈడొచ్చేటప్పుడు ఇంకా ఎక్కువ. పైగా వెనక అతికించాక ముందువైపు ఎముక పెరుగుతూనే ఉంటే వెన్ను మళ్లీ మెలిపడుతుంది. ఫ్రాన్స్ సర్జన్ డుబుసే 1989లో దాన్నే క్రాంక్‌షాఫ్ట్ అని వివరించారు.

అక్క: మరి మాగ్నెట్ రాడ్లు? పైనుంచి రిమోట్ పెట్టి పొడిగిస్తారటగా.

చెల్లెలు: 2009లో హాంకాంగ్‌లో మొదట వేశారు. మాటిమాటికీ కోత ఉండదు కాబట్టి నాకూ ఇష్టమే. అయితే లోపల లోహం అరగడం, మధ్యలోనే సాగడం ఆగిపోవడం కూడా చూశారు.

అక్క: నీ నోటితోనే అన్నావు. నేనూ చదివాను. కోసి పొడిగించే మామూలు రాడ్లు వేసిన 140 మంది పిల్లల లెక్కలు 2010లో వచ్చాయి. ఆపరేషన్ ఒకటి పెరిగిన ప్రతిసారీ ఇబ్బందులొచ్చే ముప్పు 24 శాతం పెరిగింది. మొదలుపెట్టే వయసు ఏడాది పెరిగేకొద్దీ 13 శాతం తగ్గింది. రాడ్ విరగడం, ఇన్‌ఫెక్షన్... పైగా పొడిగించే కొద్దీ వెన్ను బిగుసుకుపోయి తర్వాతిసారి తక్కువే సాగుతుందట. నేను ఆపరేషన్ వద్దనడం లేదే. ఒక ఏడాది సమయం సంపాదిద్దాం అంటున్నాను.

(ఇక్కడ నా మనసు కూడా తడబడింది. ఆగడమంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కాదని అక్క చెప్తోంది.)

చెల్లెలు: ఏం చేసి సంపాదిస్తావు? బ్రేస్ ఓడిపోయిందిగా.

అక్క: ఓడిపోయింది బ్రేసో నేనో. రాత్రి ఏడిస్తే విప్పేసేదాన్ని.

చెల్లెలు: ...ఎన్ని రోజులు?

అక్క: చాలా రోజులు. కాస్ట్, అంటే ప్లాస్టర్ కట్టు అయితే నేను విప్పలేను కదా. ఒంటికి కట్టేసి, రెండు మూడు నెలలకోసారి మారుస్తారు. దానికీ మత్తు కావాలి, తెలుసు. కానీ కోత లేదు.

చెల్లెలు: ఈ వయసులో కాస్ట్ ఒంపును పోగొట్టదక్కా. చంటిపిల్లల్లో వచ్చిన ఫలితం ఆశించకు. ఆపరేషన్‌ను వాయిదా వేయడానికి పనికొస్తుంది, అంతే. ఛాతీని కూడా నొక్కుతుంది. అందుకే ముందు ఊపిరి పరీక్ష చేయిద్దాం. ఏడేళ్ల పిల్ల గొట్టంలోకి ఊదగలదు. ఎమ్మారై అయిందా?

అక్క: వచ్చే వారం. వెన్నుపాములో ఏదైనా లోపం ఉందేమో చూస్తారట.

చెల్లెలు: ఊపిరి ఇప్పటికే తగ్గిందని తేలితే?

అక్క: ఆ రోజు నేను ఆగమనను. బాగుందని తేలితే నువ్వు తొందరపెట్టకు.

చెల్లెలు: సరే. కాస్ట్ వేశాక మళ్లీ ఎక్స్‌రే తీసే రోజు నేనూ వస్తాను.