తెల్ల క్రేయాన్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ తెల్ల క్రేయాన్ గారికి నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి. నిజానికి మీ కుశలం విడిగా అడగవలసిన అవసరం లేదు. పేద పిల్లల కోసమని వచ్చే అట్టపెట్టెలు విప్పి సర్దే పని నాది కనుక, తమరు ఎంత క్షేమంగా ఉన్నారో ప్రతి విడతలోనూ కళ్లారా చూస్తూనే ఉన్నాను. ఎరుపు గోరంత మిగిలి ఉంటుంది, నీలం నడిమికి విరిగి ఉంటుంది, స్కెచ్ పెన్నులు మూతలు పోగొట్టుకుని ఎండిపోయి ఉంటాయి. తమరు మాత్రం కొన్ననాటి మొనతో, చుట్టిన కాగితమైనా చిరగకుండా, పెళ్లికొడుకులా పవళించి ఉంటారు.

తెల్ల కాగితం మీద తెల్ల గీత కనబడదు కాబట్టి తమరిని ఎవరూ వాడరు, వాడరు కాబట్టి తమరు అరగరు, అరగలేదు కాబట్టి ‘దాదాపు కొత్తది’ అనిపించుకుని దానానికి అర్హులవుతారు. 1903లో వచ్చిన మొదటి ‘క్రేయోలా’ బ్రాండు క్రేయాన్ల పెట్టెలో ఎనిమిది రంగులు ఉండేవి. నలుపు ఉంది, తమరు లేరు. ఇప్పుడు పన్నెండు రంగుల పెట్టె అని పట్టికలో రాసుకుంటాము, గీసేవి పదకొండు.

తమరికి విద్య లేదని నేననను. తమరితో బొమ్మ గీసి, పైన నీటిరంగు పూస్తే, మైనం నీటిని అంటనివ్వదు కనుక, దాగిన గీతలన్నీ తెల్లగా బయటపడతాయి. అయితే ఆ వేడుకకు నీటిరంగులు కావాలి, కుంచె కావాలి, అన్నిటికీ మించి తడికి తట్టుకునే దళసరి కాగితం కావాలి. దాతల చూపు రంగుల దగ్గరే ఆగిపోతుంది. ఒక రంగుల పెట్టె అరిగేలోగా ఎన్ని కాగితాలు నిండుతాయో ఎవరూ లెక్క వేయరు. కాగితం ఫోటోలో అందంగా పడదు కాబోలు. అందుకే పిల్లలు అచ్చుకాగితాల వెనక వైపున, అవతలి అక్షరాలు కనిపిస్తుండగా, ఆకాశాలు వేస్తున్నారు.

నేను ఎరిగిన ఒక పాప సూర్యుడి అంచుకు మాత్రమే పసుపు రంగు వేసి లోపలంతా ఖాళీగా వదిలేస్తుంది. చూసిన పెద్దలు ఓపిక లేదన్నారు, ఆసక్తి లేదన్నారు, కళ అందరికీ అబ్బదని కూడా ఒకరు సెలవిచ్చారు. ‘ఎందుకమ్మా నింపలేదు?’ అని నేను అడిగితే, ‘పసుపు అయిపోతే మళ్లీ ఇస్తారా?’ అని ఎదురు అడిగింది. అరగడమే పనిగా పుట్టిన వస్తువును ఒక్కసారి ఇచ్చి ఊరుకుంటే, పిల్లలు నేర్చుకునేది బొమ్మలు వేయడం కాదు, పొదుపు. ఆ పొదుపు నేర్పడానికి వాళ్ల ఇళ్లలో గురువులకు కొదవ లేదు.

1989లో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలోని 31వ అధికరణం, ఆటలూ విశ్రాంతీతో పాటు కళల్లో స్వేచ్ఛగా పాల్గొనే హక్కు కూడా పిల్లలకు ఉన్నదని చెబుతుంది. ఆ హక్కు ఎన్ని అంగుళాల మైనం దగ్గర తీరిపోతుందో అందులో రాయలేదు. పంపిణీ సభలో చప్పట్లు కొట్టినవారికి తెలిసే ఉంటుంది.

తమరితో నా మనవి ఒక్కటే. వచ్చే విడతలోనూ తమరు వేంచేయడం ఎలాగూ తప్పదు కనుక, వచ్చేటప్పుడు ఒక కట్ట నల్ల కాగితాన్ని వెంటబెట్టుకుని రండి. సూర్యుడి సంగతి తర్వాత చూసుకుందాం. చంద్రుణ్ణి మాత్రం ఆ పాప అంచు నుంచి అంచు దాకా నిండుగా వేస్తుంది. అయిపోతుందన్న బెంగ లేకుండా ఆమె వాడగలిగిన రంగు తమరొక్కరే. ఆమె దగ్గర తమరు ఇప్పటికే ఏడుగురు ఉన్నారు.

ఇట్లు,
పెట్టెలు విప్పి లెక్క రాసే స్వచ్ఛంద సేవకురాలు