చిన్న చేతికి చిన్న పిస్తోలే తగునన్న మాట నిలవదు

బట్టల కింద కనబడకుండా వెంట ఉంచుకోవడానికి తొలిసారి పిస్తోలు ఎంచుకునేవారికి, లైసెన్సు చేతికి రాకముందే ఒక సలహా చేరుతుంది. చేయి చిన్నదైతే పిస్తోలూ చిన్నదే ఉండాలి, ఎంత తేలికైతే అంత సుఖం, తూటా బలం తగ్గితే పేలినప్పుడు చేతికి వెనక్కి తగిలే తన్నూ తగ్గుతుంది, దగ్గరి దూరాల్లో బ్యారెల్ (గొట్టం) పొడవుతో పని లేదు, స్లైడు (తూటాను లోపలికి ఎక్కించడానికి వెనక్కి లాగే పై భాగం) లాగలేనివారు అది లేని రివాల్వర్ తీసుకుంటే సరిపోతుంది, పెద్దది ఎలాగూ దాగదు. ఈ మాటలన్నీ ఒకే మూటగా, ముఖ్యంగా కొత్తవారికీ స్త్రీలకూ వయసు మళ్లినవారికీ, ఎంతో నమ్మకంగా చెబుతున్నారు. చెప్పేవారి ఉద్దేశం మంచిదే కావచ్చు. అయితే మోయడానికి సులువైనది కాల్చడానికీ సులువుగానే ఉంటుందన్న పొరపాటు ఈ మాటలన్నింటి వెనుకా ఉంది, ఆ పొరపాటుకు మూల్యం చెల్లించేది సలహా విన్నవారే.

మొదట బరువు సంగతి చూద్దాం. తూటా ముందుకు వెళ్లేటప్పుడు దానికీ దాన్ని నెట్టే వాయువుకూ కలిపి ఎంత ద్రవ్యవేగం వస్తుందో, తుపాకీకి వెనక్కి అంతే వస్తుంది. దీన్ని ఏ తయారీదారూ తప్పించలేడు. ఒకే రకం తూటాను 600 గ్రాముల పిస్తోలులోనూ 300 గ్రాముల పిస్తోలులోనూ కాల్చితే, తేలికైనది రెట్టింపు వేగంతో వెనక్కి వస్తుంది, చేతిని తాకే శక్తి కూడా రెట్టింపవుతుంది. అంటే నడుముకు సుఖమిచ్చిన బరువు తగ్గింపే మణికట్టుకు కష్టంగా మారుతుంది. రోజంతా మోసే సుఖాన్ని నేను తక్కువ చేయడం లేదు, బరువుగా ఉందని ఇంట్లో వదిలేసి వెళ్లే పిస్తోలు ఎవరికీ ఉపయోగపడదు. కానీ ఆ సుఖాన్ని చూపి ఇది కొత్తవారికి కాల్చడానికి తేలిక అని చెప్పడం మాత్రం తప్పు.

దీనికి జవాబుగా చిన్న పిస్తోళ్లలో వాడే .380 ఏసీపీ రకం తూటాను ముందుకు తెస్తారు. అది 9 ఎంఎం రకం తూటా కంటే బలం తక్కువదన్నది నిజమే. కానీ తన్ను తూటా ఒక్కదాని మీదే ఆధారపడదు. 2008లో వచ్చిన .380 పిస్తోలు రూగర్ ఎల్‌సీపీ ఖాళీగా సుమారు 270 గ్రాములు తూగుతుంది. 9 ఎంఎం పిస్తోలు గ్లాక్ 19 ఖాళీగా దాదాపు 600 గ్రాములు ఉంటుంది. తూటాలు నింపిన బరువులతో లెక్క వేస్తే, బలం తక్కువ తూటాను కాల్చే ఆ చిన్న పిస్తోలు తన్ను గ్లాక్ 19 తన్నుకు ఇంచుమించు సమానంగా, కొన్ని తూటాలతో అంతకంటే ఎక్కువగా కూడా తేలుతుంది. పైగా ఆ శక్తి సన్నని వెనుక అంచు మీదుగా అరచేతిలో చిన్న చోట గుచ్చుకుంటుంది. పిస్తోలు లోపలి పనితీరు కూడా లెక్కలోకి వస్తుంది. వాల్తర్ పీపీకే వంటి పాత తరహా .380 పిస్తోళ్లలో బ్యారెల్ కదలదు, స్లైడు బరువూ స్ప్రింగూ మాత్రమే పేలుడు ఒత్తిడిని ఆపుతాయి కాబట్టి తన్ను పదునుగా తగులుతుంది. 2014లో వచ్చిన గ్లాక్ 42లో బ్యారెల్ క్షణకాలం స్లైడుతో కలిసి కదిలి ఆ తరువాతే విడిపోతుంది. అదే తూటాను కాల్చినా అది చేతికి మెత్తగా తోస్తుంది. కాబట్టి డబ్బా మీది తూటా పేరు చూసి మెత్తదనాన్ని అంచనా వేయడం కుదరదు.

అసలు చిక్కంతా చిన్న చేతికి చిన్న పిస్తోలు అన్న మాటలో ఉంది. గ్రిప్పుకు, అంటే చేత్తో పట్టుకునే పిడికి, మూడు వేర్వేరు కొలతలు ఉంటాయి: పై నుంచి కిందికి పొడవు, చుట్టుకొలత, వెనుక అంచు నుంచి ట్రిగ్గర్ వరకు ఉండే దూరం. చిన్న చేతివారికి సాధారణంగా ఇబ్బంది పెట్టేవి చివరి రెండూ. చిన్న పిస్తోళ్లలో ముందుగా కత్తిరించేది మాత్రం మొదటిదాన్ని, అంటే పొడవును. ఫలితం రేంజిలో, అంటే కాల్పులు సాధన చేసే చోట, కళ్లారా కనబడుతుంది. చిటికెన వేలికి చోటు దొరకక మ్యాగజైన్ (గ్రిప్పులో అమర్చే తూటాల పెట్టె) అడుగున గాలిలో వేలాడుతుంది, పట్టు రెండు వేళ్ల మీదే నిలుస్తుంది. మొదటి తూటా పేలగానే గ్రిప్పు అరచేతిలో కాస్త జారుతుంది. రెండోది కాల్చే ముందు మనిషి పట్టు సర్దుకుంటాడు, మూడోదానికి ముందు మళ్లీ సర్దుకుంటాడు. రెండో చేయి ఆనించడానికి గ్రిప్పు పక్కన ఖాళీ కూడా మిగలదు. చేయి చిన్నదైనా పెద్దదైనా, చిటికెన వేలికి ఆసరా లేని పట్టు బలహీనమైన పట్టే.

చేతికి ఏది సరిపోతుందో తెలుసుకోవడానికి అంచనాలు అవసరం లేదు. మ్యాగజైన్ తీసి, స్లైడు వెనక్కి లాగి, బ్యారెల్ వెనుక తూటా కూర్చునే గది ఖాళీగా ఉందని కంటితోనూ వేలితోనూ రెండుసార్లు చూసుకుని, గొట్టం మూతి సురక్షితమైన దిశలో ఉంచి పిస్తోలును పట్టుకోవాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం గ్రిప్పు వెనుక భాగంలో వీలైనంత పైకి ఆనాలి, బ్యారెల్ ముంజేతి వరసలో ఉండాలి. ఆ పట్టు చెదరకుండా చూపుడువేలి మొదటి కణుపు మెత్తభాగం ట్రిగ్గర్ మీదికి రావాలి. అందకపోతే మనిషి తెలియకుండానే పిస్తోలును చేతిలో పక్కకు తిప్పి పట్టుకుంటాడు, అప్పుడు తన్ను ముంజేతి మీదికి కాకుండా బొటనవేలి మొదలు మీదికి వెళ్తుంది. పెద్ద చేతివారికి దీనికి వ్యతిరేకం జరుగుతుంది: ట్రిగ్గర్ మరీ దగ్గరై వేలు రెండో కణుపు దాకా లోపలికి పోయి, నొక్కేటప్పుడు మూతిని పక్కకు నెడుతుంది. చిన్న పిస్తోలు అందరికీ సరిపోదనడానికి ఇంతకంటే తేలికైన రుజువు అక్కర్లేదు.

ఈ కొలతల చిక్కును తయారీదారులు చాలాకాలంగా గుర్తించారు. గ్లాక్ 2010లో నాలుగో తరం పిస్తోళ్లతో గ్రిప్పు వెనుక అమర్చే, మార్చుకోదగిన పలకలు ఇచ్చింది. సిగ్ సావర్ 2018లో తెచ్చిన పీ365 సన్నని గ్రిప్పులోనే 10 తూటాలు పట్టేలా చేసింది, మరుసటి ఏడాది ఎక్స్‌ఎల్ రకంలో గ్రిప్పునూ బ్యారెల్‌నూ పెంచి 12 తూటాలకు తెచ్చింది. చిన్న చేయి ఉన్నవారికి నేను ముందుగా చూడమనేది ఈ రెండో తరహానే: సన్నగా ఉండాలి, ట్రిగ్గర్ దగ్గరగా ఉండాలి, కానీ అన్ని వేళ్లకూ చోటుండాలి. తూటాల సంఖ్య గురించిన వాదనలోకి నేను వెళ్లను, పట్టు కుదరని చేతిలో ఆ సంఖ్యకు పెద్ద అర్థం లేదు.

బ్యారెల్ పొడవు మాట త్వరగా తేలిపోతుంది. పొట్టి పిస్తోలులో గురి చూడటానికి పైన ఉండే ముందు సైటుకూ వెనుక సైటుకూ మధ్య దూరం తగ్గుతుంది. ఆ దూరం 150 మిల్లీమీటర్లు ఉన్నప్పుడు ముందు సైటు 1 మిల్లీమీటరు పక్కకు జరిగితే 10 మీటర్ల దగ్గర తూటా సుమారు 67 మిల్లీమీటర్లు తప్పుతుంది. 100 మిల్లీమీటర్లే ఉంటే అదే పొరపాటుకు 100 మిల్లీమీటర్లు తప్పుతుంది. పిస్తోలు స్వతహాగా గురి తప్పేది కాదు, కాల్చేవాడి పొరపాటును అది ఎక్కువ చేసి చూపిస్తుంది. పొరపాట్లు ఎక్కువగా చేసేది కొత్తవారే కాబట్టి, కొత్తవారికి బ్యారెల్ పొడవుతో పని లేదనడం తిరగేసి చెప్పినట్టే.

స్లైడు లాగలేనివారికి రివాల్వర్ అన్న సలహా నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధిస్తుంది, ఎందుకంటే అది ఒక కష్టాన్ని తప్పించి మరింత పెద్ద కష్టాన్ని చేతికిస్తుంది. స్మిత్ అండ్ వెసన్ 642 వంటి అయిదు తూటాల రివాల్వర్ సుమారు 425 గ్రాములు ఉంటుంది. దాని ట్రిగ్గర్ నొక్కడానికి సాధారణంగా 5 కిలోల దరిదాపుల్లో బలం కావాలి. తన బరువుకు పది రెట్లకు మించిన బలంతో వేలు లాగుతుండగా ఆ తుపాకీని కదలకుండా పట్టుకోవడం, అదీ ప్రతి తూటాకూ పొడవుగా లాగుతూ, అనుభవం ఉన్నవారికే పరీక్ష. వేళ్లలో బలం తక్కువని స్లైడును వద్దన్నవారికి ఇది ఎలా తేలికవుతుంది? స్లైడు కష్టానికి మరో కారణం కూడా ఉంది: చిన్న పిస్తోళ్లలో స్లైడు తేలికగా ఉండి కొద్ది దూరమే కదలడం వల్ల స్ప్రింగు గట్టిగా పెట్టాల్సి వస్తుంది. అంటే స్లైడు కష్టమన్నవారు ఒక సైజు పెద్దది పట్టుకుని చూడటమే మొదటి విరుగుడు. పద్ధతి రెండో విరుగుడు. చాలామంది చేతులు చాచి, బొటనవేలు చూపుడువేలితో గిల్లినట్టు స్లైడును లాగుతారు. అలా కాకుండా పిస్తోలును ఛాతీకి దగ్గరగా తెచ్చి, మూతి సురక్షితమైన దిశలోనే ఉంచి, వేలు ట్రిగ్గర్‌కు దూరంగా పెట్టి, స్లైడును అరచేతితో పైనుంచి గట్టిగా పట్టుకుని, గ్రిప్పును రెండో చేత్తో ముందుకు తోయాలి. భుజాల బలం అప్పుడు పనికొస్తుంది. అప్పటికీ కుదరని కీళ్ల నొప్పులవారికి పనికొచ్చేలా, స్లైడు తేలికగా లాగగలిగే స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ఈజీ పిస్తోలు 2018లో .380కి, 2020లో 9 ఎంఎంకి వచ్చింది.

చివరిది దాచడం. బట్టల మీద ఉబ్బుగా కనబడేది ప్రధానంగా గ్రిప్పు అడుగు భాగం; బ్యారెల్ ప్యాంటు లోపలికి దిగిపోతుంది. ప్యాంటు లోపల ధరించే హోల్‌స్టర్ (పిస్తోలు ఒర)లో కాస్త పొడవైన బ్యారెల్ శరీరానికి ఆనుకుని గ్రిప్పును లోపలికి వాల్చుతుంది కూడా, అందుకే మరీ పొట్టి పిస్తోలు కొందరి నడుము మీద బయటికి ఒరిగి పట్టుబడిపోతుంది. మందం తగ్గించుకోవడం, గట్టి బెల్టు, గ్రిప్పును ఒంటి వైపు నొక్కే ఆసరా ఉన్న హోల్‌స్టర్ చేసే పనిని మరో 2 సెంటీమీటర్లు కత్తిరించిన బ్యారెల్ చేయలేదు.

జేబులో తప్ప మరెక్కడా పెట్టుకోలేని బట్టలు తప్పనిసరైన వృత్తులు ఉన్నాయి. అటువంటి వారికి ఎల్‌సీపీ వంటిది న్యాయమైన ఎంపికే. అప్పుడు కూడా ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే జేబు హోల్‌స్టర్ ఉండాలి, ఆ జేబులో తాళాలు గానీ చిల్లర గానీ ఉండకూడదు, చేతిసంచీలో విడిగా పడేయడం అసలే కూడదు. కొనేముందు రేంజిలో అద్దెకు తీసుకుని, రోజూ వెంట ఉంచుకోబోయే తూటాతోనే కాల్చి చూడాలి, ఎందుకంటే సాధన కోసం అమ్మే మెత్తని తూటాతో బాగున్న తేలిక పిస్తోలు ఆత్మరక్షణ తూటాతో పూర్తిగా వేరేలా ప్రవర్తించవచ్చు. కొన్ని మ్యాగజైన్లు కాల్చాక మళ్లీ నింపుకోవాలనిపించని పిస్తోలుతో ఎవరూ సాధన చేయరు, అటువంటిదాన్ని ధర ఎంత తక్కువైనా అక్కడే వదిలేయాలి.