ఇంటిపేరుతో వెతికితే దొరకదు

మద్రాసు నుంచి కూలీ ఒప్పందం మీద దక్షిణాఫ్రికాలోని నేటాల్ వెళ్లిన (1860–1911) పూర్వీకుల కోసం ఓడ జాబితాల్లో ఇంటిపేరు చూడమన్నారు ఓ వ్యాసంలో. చాలామంది ఆగిపోయేది అక్కడే. ఆ జాబితాల్లో మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటిమీది గుర్తులు ఉంటాయి గానీ ఇంటిపేరు సాధారణంగా ఉండదు. దక్షిణాఫ్రికాలో ఇప్పుడు ఇంటిపేరుగా నడిచేది చాలాసార్లు తాతగారి పేరో, కులం పేరో.

అందుకే ముందు కలోనియల్ నంబరు, అంటే నేటాల్ వెళ్లిన ఒక్కో కూలీకి ఇచ్చిన సంఖ్య, పట్టుకోండి. పాత పెళ్లి, మరణ పత్రాల్లో చూడండి. నంబరు దొరికితే స్పెల్లింగు గొడవ ఉండదు. లేకపోతే అప్పన్నను నాలుగైదు రకాలుగా రాసి వెతకాలి, గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాశాడు మరి.

ఊరు దొరికాక జిల్లా దగ్గర బోల్తా పడతారు. గంజాం అని ఉంటే ఒడిశా అనుకోకండి, 1936 దాకా శ్రీకాకుళం తాలూకా అందులోదే. ఉత్తర ఆర్కాటు అంటే చిత్తూరు కూడా కావచ్చు, చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో.

ఆ తర్వాత ఊరి భూమి రికార్డులు చూడాలి. రైత్వారీ ఊరైతే (రైతు నేరుగా సర్కారుకే శిస్తు కట్టే ఊరు) రీసెటిల్‌మెంట్ రిజిస్టరు అడగండి. జమీందారీ ఊరైతే జమీందారీలను రద్దు చేసిన 1948 చట్టం తర్వాత తయారైన భూమి రికార్డు, సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగలే దిక్కు. వాటిలోనూ భూమి లేని కూలీ పేరు కనబడదు, ఊళ్లో మిగిలిన అన్నదమ్ముల పేర్లు వెతకాలి.